ఈ కోర్టులో అన్నీ వాయిదాలే!

లక్షలు కట్టి సభ్యులయ్యారు. గేటు దాటి దర్జాగా లోపలికి వెళ్లారు. మరి ఆట? దానికి మాత్రం వరసలో నిలబడాల్సిందే! హైదరాబాద్ పడమటి వైపు క్లబ్బుల్లో రోజూ కోడికూతకు ముందే మొదలయ్యే ఓ తగువు కథ ఇది...

తెల్లవారుజామున ఐదుంపావు. గచ్చిబౌలి ఫ్లైఓవర్ కింద పాల వ్యాన్లూ, నైట్ షిఫ్టు ముగించుకుని వస్తున్న కంపెనీ క్యాబులూ తప్ప మరేమీ కదలట్లేదు. మెయిన్ రోడ్డు వదిలి కాస్త లోపలికి వెళితే కానుగ చెట్ల వరస, ఆ వెనక ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న నల్లరాతి గుండ్లు. వాటి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఆ గుండ్ల పక్కనే క్లబ్బు గేటు. అక్కడ మాత్రం అప్పుడే నాలుగు స్కూటర్లూ, అరడజను కార్లూ!

మంకీ క్యాపు పెట్టుకున్న వాచ్‌మన్ తాళాలగుత్తి వెతుక్కుంటుంటే, భుజాన రాకెట్ సంచులు తగిలించుకున్న పదిమంది చలికి చేతులు రుద్దుకుంటూ నిలబడ్డారు. ఎవరూ ఎవరినీ తోయరు. అందరూ అందరికీ గుడ్ మార్నింగ్ చెబుతారు. కానీ గేటు తెరుచుకున్నాక చూడాలి... డెబ్బై దాటిన పెద్దమనిషి నడకలో వేగం! మోకాలికి పట్టీ ఉంది, చేతిలో ఫ్లాస్కు ఉంది. అయినా పాతికేళ్ల కుర్రాడి కన్నా రెండడుగులు ముందే ఉన్నాడు.

ఆయన తొందరంతా రెండో నంబరు కోర్టు కోసం.

క్లబ్బు పేరెందుకు లెండి. కొండాపూర్ నుంచి నార్సింగి దాకా, అటు మియాపూర్ నుంచి మణికొండ దాకా ఇలాంటివి చాలానే ఉన్నాయి. ఏ క్లబ్బువాళ్లు చదివినా 'ఇది మా గొడవే' అనుకుంటారు. నాలుగు షటిల్ కోర్టులు, రెండు టెన్నిస్ కోర్టులు, పాతిక మీటర్ల ఈతకొలను, జిమ్ము, స్నూకర్ బల్ల, టేబుల్ టెన్నిస్, పేకాట గది, నీళ్లు రాని ఒక ఫౌంటెన్. సాయంత్రం పచ్చికలో కూర్చుంటే మిర్చిబజ్జీలు తెచ్చిపెట్టే క్యాంటీను. బ్రోషర్‌లో బొమ్మలు చూస్తే స్వర్గం. నెలనెలా వచ్చే బిల్లూ అదే స్థాయిలో ఉంటుంది.

ఒకప్పుడు క్లబ్బు అంటే గేటు దగ్గరే గొడవ. 1878లో పుట్టిన సికింద్రాబాద్ క్లబ్బైనా, 1884 నాటి నిజాం క్లబ్బైనా అసలు ప్రశ్న ఒకటే... లోపలికి ఎవరిని రానివ్వాలి? హోదా, సిఫారసు, ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టు. కొత్త క్లబ్బులు ఆ చిక్కును సులువుగా తీర్చేశాయి. డబ్బు కట్టు, కార్డు తీసుకో. అంతే! దాంతో గేటు దగ్గరి తగువు మాయం కాలేదు. కార్డు తీసుకుని అదీ లోపలికి వచ్చేసింది. ఇప్పుడు ప్రశ్న 'ఎవరు రావాలి' అని కాదు. 'ఆరు నుంచి ఏడు దాకా ఎవరు ఆడాలి' అని!

బిందెల వరస

ఒక చిన్న లెక్క చూద్దాం. ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిది దాకా రెండున్నర గంటలు. 21 పాయింట్ల డబుల్స్ గేము ఒకటి పూర్తి కావడానికి అటూ ఇటుగా పావుగంట. అంటే ఒక్కో కోర్టులో పది గేములు. నాలుగు కోర్టుల్లో నలభై. గేముకు నలుగురు చొప్పున నూట అరవై చోట్లు. పొద్దున్నే లేచి అంత దూరం వచ్చినవాడు ఒక్క గేము ఆడి ఇంటికి పోడు కదా! మనిషికి మూడు గేములనుకుంటే, కోర్టులు క్షణం ఖాళీ లేకుండా నడిచినా ఆట దక్కేది యాభై మూడు మందికే. క్లబ్బులో ఉన్నవి వందల కుటుంబాలు.

పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా కోర్టులు ఖాళీయే కదా, అప్పుడు ఆడుకోవచ్చు కదా అని కమిటీవాళ్లు తరచూ అడుగుతుంటారు. వినడానికి బాగానే ఉంటుంది. ఉద్యోగస్తుల సంగతి సరే, రిటైరైన వాళ్లైనా ఎందుకు రారు? పైన రేకుల కప్పు. మార్చి వచ్చిందంటే పదింటికే లోపల ఆవిరి. ఫ్యాను వేస్తే కాక్ దారి తప్పుతుంది. పదహారు ఈకల ఆ కాక్ బరువు ఐదు గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. పక్క కిటికీలోంచి వచ్చే గాలికే అది గీత దాటి పడుతుంది. అందుకే షటిల్ ఆడేచోట ఫ్యాన్లుండవు. మధ్యాహ్నం స్లాటు ఇస్తామనడం అంటే పెళ్లిభోజనానికి పిలిచి విస్తరి మాత్రం వేయడం!

ఈ క్లబ్బులో మొదట్లో లెక్కలూ స్లాట్లూ ఏమీ లేవు. బెంచీ ఉండేది. ఎవరు ముందొస్తే వాళ్లు తమ రాకెట్‌ను బెంచీ మీద పెట్టేవారు. వెనకొచ్చినవాళ్లు దాని పక్కన. వీధి కుళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టినట్టే! కోర్టు ఖాళీ కాగానే మొదటి నాలుగు రాకెట్లవాళ్లూ దిగేవారు. కొత్తగా చేరినవాడు జిల్లా ఛాంపియన్‌తో ఆడాల్సి వచ్చేది, చార్టెడ్ అకౌంటెంటు తన దగ్గర ఆర్టికల్స్ చేసే కుర్రాడి చేతిలో ఓడేవాడు. అదే బాగుండేదంటారు పాతవాళ్లు. అప్పుడూ తగాదాలు లేకపోలేదు. ఒకాయన రాత్రి ఇంటికెళ్లేటప్పుడే పాత రాకెట్ ఒకటి బెంచీ మీద వదిలేసి వెళ్లేవాడట, పొద్దున తన వంతు మొదటిది కావాలని. దాన్ని తీసి పక్కన పెట్టడానికి మూడు కమిటీ మీటింగులు పట్టాయని చెప్పుకుని ఇప్పటికీ నవ్వుకుంటారు.

తర్వాత నల్లబోర్డు వచ్చింది. సుద్దముక్కతో పేరు రాసుకోవడం. ఆపైన రిజిస్టరు. చివరికి అన్నిటికీ మందుగా... యాప్!

డల్లాస్ నుంచి బుకింగ్

రేపటి స్లాట్లు ఇవాళ పొద్దున సరిగ్గా ఆరింటికి ఫోన్లో తెరుచుకుంటాయి. ఆరూ ఒక నిమిషానికల్లా ఆరు నుంచి ఎనిమిది దాకా అన్నీ ఎర్రగా మారిపోతాయి. సంక్రాంతికి రైలు టికెట్లు తీసుకున్నవాళ్లకు ఈ అనుభవం కొత్త కాదు. ఇక్కడో తమాషా ఉంది. ఆ సమయానికి నిజంగా ఆడేవాళ్లంతా కోర్టు మీద ఉంటారు. చేతిలో రాకెట్ పట్టుకున్నవాడు ఫోనెలా నొక్కుతాడు? ఆట మధ్యలో సర్వీసు ఆపి, చెమట వేళ్లతో స్క్రీను తుడుచుకుంటూ బుక్ చేసుకునే దృశ్యం ఇక్కడ రోజూ చూడొచ్చు.

డెబ్బై దాటిన మన పెద్దమనిషికి ఆ తంటా లేదు. బ్యాంకులో ముప్పై ఏళ్లు పైగా పనిచేసి రిటైరయ్యాడు. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. ఇక్కడ పొద్దున ఆరంటే అక్కడ ముందురోజు సాయంత్రం ఆరున్నరో, ఏడున్నరో. కొడుకు ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తినబోయే ముందు నాన్నకు గచ్చిబౌలిలో కోర్టు బుక్ చేస్తాడు! అమెరికాలో ఉన్న పిల్లలు తల్లిదండ్రులకు మందులు పంపుతారు, డబ్బు పంపుతారు. షటిల్ కోర్టు పంపేవాళ్లు కూడా ఉన్నారన్నమాట. కొడుకు ఏ ప్రయాణంలోనో ఉన్నరోజు ఆయనకు ఆట లేదు.

ఆట లేదంటే ఆయనకు ఆ రోజు లేనట్టే. ఆయనతో కలిసి ఆడేవాళ్లు ఇంకో ముగ్గురు. ఇరవై ఏళ్లుగా ఒకే జట్టు. క్లబ్బులో అందరూ వాళ్లను 'ఆ నలుగురు' అంటారు. అపశకునం మాటని ఒకాయన భార్య ఎన్నిసార్లు కోప్పడినా పేరు పోలేదు. నలుగురిలో ఒకాయన కరోనా రెండో వేవ్‌లో, 2021లో పోయాడు. అప్పటినుంచి నాలుగోవాడి కోసం రోజూ వెతుకులాటే. బెంచీ కాలంలో అయితే వరసలో తర్వాత ఉన్నవాడే వచ్చి చేరేవాడు. యాప్‌లో అలా కుదరదు, నలుగురి మెంబర్‌షిప్ నంబర్లూ ముందే కొట్టాలి. మూడు నంబర్లు కొడితే స్లాటు ఇవ్వదు. పోయినాయన నంబరు కొడితే మాత్రం చాలాకాలం తీసుకునేదట... రికార్డుల్లోంచి తీసేయడం ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు సెక్రటరీ గారు అది గమనించి తీసేయించారు. రూలు ప్రకారం తప్పేమీ లేదు. కానీ ఆ ముగ్గురూ వారం రోజులు క్లబ్బుకు రాలేదు.

అసలు కడుపుమంట మరోచోట ఉంది. ఎర్రగా మారిన స్లాట్లన్నిటిలోనూ మనుషులు వస్తారా అంటే... రారు! ముందు బుక్ చేసి పెడదాం, లేస్తే వెళదాం అనుకునేవాళ్లే ఎక్కువ. పొద్దున ఆరుంబావుకు మూడో కోర్టులో లైట్లు వెలుగుతుంటాయి, నెట్టు కట్టి ఉంటుంది, మనిషి ఉండడు. బయట బెంచీ మీద ఎనిమిది మంది కూర్చుని ఖాళీ కోర్టు వంక చూస్తుంటారు. దిగి ఆడబోతే కేర్‌టేకర్ కుర్రాడు పరుగున వస్తాడు. "సార్, బుకింగ్ ఉంది సార్." పాపం, వాడి తప్పేముంది? నిద్రపోతున్న సభ్యుడూ సభ్యుడే, కూర్చున్న సభ్యుడూ సభ్యుడే. ఎవరితో మాట పడాలన్నా వాడే పడాలి.

పతకాలొచ్చాయి... కోర్టులు పోయాయి

సాయంత్రం సంగతి ఇంకో రకం. నాలుగు కొట్టేసరికి స్కూలు యూనిఫాం మీదే పిల్లలు దిగుతారు. వెనక నీళ్లసీసాలు, అరటిపళ్లు పట్టుకుని అమ్మలు. నాలుగింట మూడు కోర్టులు రాత్రి ఎనిమిది దాకా కోచింగువాళ్లవి. మిగిలిన ఒక్కదాని కోసమే సభ్యులంతా.

దీనికి మూలం వెతికితే గొప్ప కథే దొరుకుతుంది. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. 1980లో ప్రకాశ్ పదుకొనే తర్వాత ఆ టైటిల్ మళ్లీ మనదేశానికి రావడం అదే మొదలు. 2002 జాతీయ క్రీడల పుణ్యమా అని గచ్చిబౌలిలో స్టేడియాలు లేచాయి. 2008లో అదే గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ మొదలైంది. 2012లో లండన్‌లో సైనాకు కాంస్యం. 2016లో రియోలో సింధుకు రజతం, 2021లో టోక్యోలో కాంస్యం. 2022లో థామస్ కప్పు గెలిచిన జట్టులో మన గుంటూరు కుర్రాడు శ్రీకాంత్! ఇన్ని పతకాలు కళ్లముందు మెరిశాక ఏ తల్లి ఊరుకుంటుంది? సంగీతం క్లాసుకు పోయే పిల్ల షటిల్ క్లాసుకు వచ్చింది. ఎక్కడ నాలుగు కోర్టులుంటే అక్కడో కోచింగు సెంటరు వెలిసింది. ఔటర్ రింగ్ రోడ్డు పొడవునా వేర్‌హౌస్‌ల లాంటి రేకుల షెడ్లు కట్టి గంటల లెక్కన అద్దెకిస్తున్నారు.

క్లబ్బు కమిటీ చెప్పేది కూడా తీసిపారేసేది కాదు. కోచింగు కాంట్రాక్టు మీద వచ్చే డబ్బుతోనే చెక్క నేల మీద కొత్త మ్యాట్లు వేశారు. లైట్లు మార్చారు. అది ఆపేస్తే ఆ మేరకు నెలవారీ మెయింటెనెన్స్ పెంచాలి. పెంచుదామా అని అడిగితే ఒక్క చెయ్యీ లేవదు. మరి కోర్టు మాత్రం కావాలి!

సభ్యుల కోపం పిల్లల మీద కాదు. కోచింగుకు వస్తున్న పిల్లల్లో సగంమంది బయటివాళ్లన్నదే వాళ్ల బాధ. సభ్యత్వం లేనివాళ్లు నెలఫీజు కట్టి దర్జాగా ఆడుతుంటే, లక్షలు పోసిన సభ్యుడు బెంచీ మీద కూర్చుని చూడాలి. మా పిల్లాడు ఆ కోచింగులోనే ఉన్నాడు కాబట్టి ఉండాల్సిందే అనే సభ్యులూ ఉన్నారు. ఇంట్లోనే రెండు పార్టీలు అయిన సందర్భాలూ లేకపోలేదు. భర్త కోచింగు వద్దని సంతకాల కాగితం పట్టుకుని తిరుగుతుంటే, భార్య ఉంచాలని ఇంకో కాగితం మీద సంతకం పెట్టిన ఇల్లు ఒకటి ఇదే క్లబ్బులో ఉంది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఏం జరిగిందో అడక్కూడదు.

ఆడవాళ్ల గంట

ఈతకొలను దగ్గర బోర్డు మీద అందంగా రాసి ఉంటుంది... 'మహిళలకు ప్రత్యేకం: ఉదయం 11 నుంచి 12'. పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ పదకొండింటికి ఏ మహిళ ఖాళీ? ఉద్యోగం చేసే ఆమె ఆఫీసులో ఉంటుంది. ఇంట్లో ఉండే ఆమె పొయ్యి దగ్గర ఉంటుంది. పైగా ఎండాకాలం పదకొండింటి ఎండలో నీళ్లలో దిగితే ఒళ్లు నల్లబడటం ఖాయం. ఎవరూ రావట్లేదు కాబట్టి ఆడవాళ్లకు ఆసక్తి లేదని మినిట్స్ బుక్కులో రాసుకున్నారు! రైలు వెళ్లిపోయాక స్టేషను తలుపులు తీసి, ప్రయాణికులే రావట్లేదన్నట్టుంది ఆ రాత.

షటిల్‌లోనూ అంతే. నలభై ఐదేళ్లకు మొదటిసారి రాకెట్ పట్టుకున్న అయిదారుగురు గృహిణులు ఉన్నారిక్కడ. పిల్లలు హాస్టళ్లకు వెళ్లాక దొరికిన తీరికలో నేర్చుకున్నారు. ఒకామెకు షుగరు, ఇంకొకామెకు థైరాయిడ్. డాక్టరు నడవమంటే నడక విసుగుపుట్టి ఇటొచ్చారు. పిల్లల్ని స్కూలుకు, భర్తల్ని ఆఫీసుకు పంపాక ఎనిమిదింబావుకు నాలుగో కోర్టులో వాళ్ల ఆట. చీరకొంగు బొడ్లో దోపుకుని సర్వీసు చేసే ఆంటీల్ని చూసి మొదట్లో కుర్రాళ్లు నవ్వారు. రెండేళ్లు తిరిగేసరికి ఆ కుర్రాళ్లలో ఇద్దర్ని వాళ్లే మిక్స్‌డ్ డబుల్స్‌లో ఓడించారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఇంతలో నాలుగో కోర్టు మీద పసుపు టేపు గీతలు పడ్డాయి. పికిల్‌బాల్ వచ్చింది.

ఈ ఆట పుట్టుకే ఒక షటిల్ కోర్టు మీద! 1965లో అమెరికాలోని సియాటిల్ దగ్గర బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో, ఒక ఇంటి పెరట్లో పాత షటిల్ కోర్టు ఉంది. రాకెట్లూ కాక్‌లూ సరిగా దొరక్కపోతే టేబుల్ టెన్నిస్ బ్యాట్లూ చిల్లుల ప్లాస్టిక్ బంతీ పట్టుకుని పిల్లల కాలక్షేపానికి మొదలుపెట్టారు. అందుకే దాని కోర్టు కొలత ఇప్పటికీ షటిల్ డబుల్స్ కోర్టు కొలతే. 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. కమిటీకి అంతకన్నా ఏం కావాలి? కొత్తగా కట్టేదేమీ లేదు. నెట్టు అయిదడుగుల నుంచి మూడడుగులకు దించితే కొత్త ఆట రెడీ! టెన్నిస్ కోర్టు ఒకదాన్నయితే ఏకంగా నాలుగు ముక్కలు చేశారు. దాంతో టెన్నిస్‌వాళ్లూ గొడవలోకి దిగారు. ఆ టకటక చప్పుడుకు పక్క అపార్టుమెంటు బాల్కనీల నుంచి వచ్చే ఫిర్యాదులు అదనం.

ఆంటీల ఎనిమిదింబావు స్లాటు పికిల్‌బాల్‌కు వెళ్లిపోయింది. అడిగితే పదిన్నరకు రమ్మన్నారు. రేకుల కింద, ఏప్రిల్‌లో!

పేకముక్కల గది

ఇన్ని తగాదాల మధ్య క్లబ్బులో ఎవరూ అడగని గది ఒకటుంది. మొదటి అంతస్తులో, ఏసీతో, గుండ్రటి బల్లలతో ఎంతో విశాలంగా ఉంటుంది. పేకాట గది. తెలుగువాళ్ల క్లబ్బుకు ఒకప్పుడు ప్రాణం అదే. సికింద్రాబాద్‌లోని ఓ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేస్తే ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని 1967లో తీర్పు వచ్చింది. ఇప్పటికీ దేశంలో ఎక్కడ రమ్మీ కేసు నడిచినా ఆ సికింద్రాబాద్ తీర్పు పేరు రావాల్సిందే. తర్వాత 2017లో తెలంగాణ తన గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడితే రమ్మీకి కూడా మినహాయింపు లేదంది. బల్లలు ఖాళీ అయ్యాయి. సాయంత్రాలు ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు వచ్చి పందెం లేకుండా ఆడుకుని, టీ తాగి వెళతారు.

ఆ గదిని యోగాకో, టేబుల్ టెన్నిస్‌కో ఇస్తే కింద హాల్లో ఇంకో కోర్టు పడుతుందని కుర్రాళ్లు లెక్కలేసి చూపించారు. కుదరదన్నారు పెద్దలు. ఎందుకంటే క్లబ్బు పెట్టినప్పుడు మొదట కట్టింది ఆ గదినే! గది ఖాళీగా ఉన్నా సరే, దాని మీద హక్కు ఖాళీగా లేదన్నమాట.

యజమానా? కస్టమరా?

కోర్టుల కొట్లాటలన్నిటి అడుగునా ఒక ప్రశ్న ఉంది. సభ్యుడంటే ఎవరు? క్లబ్బుకు యజమానా, లేక డబ్బు కట్టి సేవ కొనుక్కునే కస్టమరా?

విచిత్రం ఏమిటంటే ఈ ప్రశ్న దేశంలో పెద్ద కోర్టులనే తిప్పలు పెట్టింది. కలకత్తా క్లబ్బు పన్నుల కేసులో 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు, సభ్యులూ క్లబ్బూ వేరు కాదంది. తన జేబులోంచి తనే డబ్బు తీసుకుంటే అమ్మకం ఎలా అవుతుంది, పన్ను ఎలా పడుతుంది అన్నది అందులోని సారం. 2021లో కేంద్రం జీఎస్టీ చట్టాన్ని సవరించి, క్లబ్బు వేరు సభ్యులు వేరేనంది. అది కూడా 2017 నుంచే వర్తిస్తుందంది. 2025లో కేరళ హైకోర్టు ఆ సవరణ చెల్లదంది. న్యాయమూర్తులకే ఇన్ని మలుపులు తిరిగిన విషయం, పొద్దున ఆరింటికి కేర్‌టేకర్ కుర్రాడు తేల్చాలంటే ఎలా తేలుతుంది?

కార్పొరేట్ జిమ్ములో అయితే చిక్కు లేదు. అక్కడ సభ్యుడు కస్టమరే. చెప్పిన సేవ ఇవ్వకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. సొసైటీగా రిజిస్టరైన క్లబ్బులో కమిటీ మీద తగాదా వస్తే, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం మధ్యవర్తిత్వానికైనా పోవచ్చు, జిల్లా కోర్టుకైనా ఎక్కొచ్చు. షటిల్ కోర్టు కోసం జిల్లా కోర్టు! ఈ క్లబ్బులో ఒక అడ్వకేట్ గారు ఆ మాట రెండుసార్లు అన్నారు కూడా. అక్కడ స్లాటు ఎప్పటికి దొరుకుతుందో ఆయనకన్నా బాగా తెలిసినవాళ్లెవరు? అందుకే అని ఊరుకున్నారు.

ఆదివారం పదిన్నరకు

జనరల్ బాడీ మీటింగు పచ్చిక మీద షామియానా వేసి పెట్టారు. మామూలుగా కోరం కోసం క్యాంటీను దగ్గర నిలబడి మనుషుల్ని పిలుచుకురావాలి. ఈసారి కుర్చీలు చాల్లేదు. మొదటి గంట ఆడిట్ రిపోర్టుతో గడిచింది. ఎవరూ వినలేదు. తర్వాత మొదలైంది అసలు కార్యక్రమం.

కోచింగు వద్దన్నవాళ్లు, ఉండాలన్నవాళ్లు, పికిల్‌బాల్ వాళ్లు, టెన్నిస్ వాళ్లు, యాప్ తీసేయమన్నవాళ్లు. "ముందొచ్చినవాడికి ముందు అంటే, రాత్రి పదింటిదాకా ఆఫీసులో ఉండేవాణ్ని నేనెప్పుడు ముందు రావాలండీ?" అని ఐటీ కుర్రాడొకడు లేచి అడిగాడు. నిజమే మరి. బెంచీ పద్ధతి తీరికున్నవాడికి న్యాయం, యాప్ పద్ధతి వేలు చురుగ్గా ఉన్నవాడికి న్యాయం. ఏదో ఒకదాంట్లో ఎవరో ఒకరు బయట కూర్చోక తప్పదు. ఒకాయన లాటరీ వేద్దామన్నాడు. అందరూ నవ్వారు గానీ అన్నిట్లోకీ అదే నయమేమో, ఎవరూ ఆలోచించలేదు.

గృహిణుల తరఫున ఒకామె మాట్లాడింది. గట్టిగా ఏమీ కాదు. చేతిలో చిన్న నోటుపుస్తకం. మూడు నెలలుగా రోజూ ఎనిమిదింబావుకు వచ్చి, నాలుగో కోర్టులో పికిల్‌బాల్ ఎంతమంది ఆడుతున్నారో రాసి పెట్టుకుంది. చాలా రోజుల పక్కన ఉన్న అంకె... సున్నా. బుకింగ్ ఉంది, మనుషుల్లేరు. ఆమె ఆ పేజీలు చదువుతూ పోతుంటే షామియానా కింద సందడి తగ్గిపోయింది. ఆరోపణలు చేసినవాళ్లు చాలామందే ఉన్నారు కానీ లెక్క రాసుకొచ్చింది ఆమె ఒక్కతే. 'అక్కయ్యా, ఆ పుస్తకం ఒకసారి ఇవ్వండి' అని ట్రెజరర్ అడిగి తీసుకున్నాడు.

భోజనాల వేళకు నాలుగు తీర్మానాలు బయటపడ్డాయి. బుక్ చేసి రెండుసార్లు రాకపోతే వారం రోజులు ఫోను మూగబోతుంది. పావుగంట దాటినా రాకపోతే కోర్టు బెంచీ మీదివాళ్లది. కోచింగు మూడు కోర్టుల నుంచి రెండుకు దిగుతుంది, ఆ లోటు పూడ్చడానికి మెయింటెనెన్స్ కాస్త పెరుగుతుంది. దీనికి మాత్రం గొణుగుడు గట్టిగానే వినిపించింది. ఆంటీల ఎనిమిదింబావు వాళ్లకు తిరిగొచ్చింది. ఈతకొలనులో మహిళల గంట వారానికి మూడు రోజులు సాయంత్రానికి మార్చే విషయం కోచ్ దొరికాక చూద్దామన్నారు. పేకాట గది సంగతి? వచ్చే ఏడాదికి వాయిదా!

ఇక రెండో నంబరు కోర్టు. ఉదయం ఆరు నుంచి ఏడు దాకా దానికి యాప్ లేదు. పాత నల్లబోర్డును స్టోర్ రూంలోంచి తెచ్చి, దుమ్ము దులిపి గోడకు తగిలించారు. వచ్చినవాళ్లు వచ్చిన వరసలో పేరు రాసుకోవడమే, నలుగురైతే ఆటే. మంగళవారం పొద్దున మోకాలి పట్టీ పెద్దమనిషి అందరికన్నా ముందొచ్చి తన పేరు రాశాడు. కింద ఆయన స్నేహితులు ఇద్దరూ రాశారు. నాలుగో గీత మీద, పదింటిదాకా ఆఫీసులో ఉండే ఆ ఐటీ కుర్రాడు కళ్లు నులుముకుంటూ వచ్చి పేరు రాశాడు. మొదటి గేము ముసలాళ్లే గెలిచారు, 21-17.

బోర్డుకు సుద్దముక్కలు ఎవరు కొనాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. అది స్పోర్ట్స్ ఖాతాలోకి వస్తుందో, స్టేషనరీ ఖాతాలోకి వస్తుందో వచ్చే మీటింగులో చూస్తారట.